కాశీ రేవుల వెంట కలం, కుంచె

మైదానంలో చాలా దూరం తూర్పుకు, ఆగ్నేయానికి పారే గంగ కాశీ దగ్గర ఉత్తరానికి తిరిగి నెలవంకలా వంగుతుంది. ఆ వంపుకు పడమటి ఒడ్డున, ఎత్తయిన గట్టు మీద ఊరుంది. దక్షిణాన అస్సీ మొదలు ఉత్తరాన వరణ గంగలో కలిసే చోటు దాకా ఆరు కిలోమీటర్లకు పైగా వరసగా రాతిమెట్ల రేవులే. వీటిని 84 ఘాట్లుగా లెక్కపెడతారు. ఈ ఘాట్లకు ఎదురుగా, తూర్పు ఒడ్డున ఉన్నది ఇసుక మేట. బొమ్మ గీసేవారికి కాశీ ప్రత్యేకమైన చోటు కావడానికి కారణం ఈ నేల అమరికే. ఎదుటి ఒడ్డు ఖాళీ కనుక పొద్దుటి ఎండ అడ్డం లేకుండా వచ్చి గోడల మీద పడుతుంది. నది వంగింది కనుక ఒక రేవులో నిలబడితే ముందున్న పది రేవులు పక్కనుంచి కనిపిస్తాయి. పడవ ఎక్కి నది మధ్యకు పోతే ఊరంతా పొడుగాటి పటంలా ఎదుట పరుచుకుంటుంది.

కాశీకి పోయినవాళ్లు ఇష్టమైన కాయో పండో అక్కడ వదిలిపెట్టి రావడం తెలుగిళ్లలో ఆచారం. కలంతో, నీటిరంగులతో ఈ రేవుల్ని గీసేవారికీ అదే నియమం వర్తిస్తుంది. మెట్లు, గోపురాలు, గొడుగులు, పడవలు, జెండాలు, కరెంటు తీగలు, జనం అన్నీ ఒకేసారి కంటబడతాయి. అన్నీ కాగితం మీదికెక్కితే బొమ్మ చెత్తబుట్టలా తయారవుతుంది. దేన్ని వదలాలో తేల్చుకోవడమే ఇక్కడ సగం పని. అస్సీ నుంచి రాజ్‌ఘాట్ వరకు ఒక్కో రేవు ఆ పనిలో ఒక్కో పాఠం చెబుతుంది.

సంచిలో ఉండాల్సినవి

మెట్ల మీద ఎక్కుతూ దిగుతూ గీసే పనికి సరంజామా తక్కువగా ఉండాలి. కాగితం మాత్రం మందంగా ఉండాలి. చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే నూలు కాగితమైతే తడికి ముడతలు పడదు, ఒకే చోట రెండు మూడు పొరల రంగు వేసినా చెదరదు. కాస్త గరుకైన కాగితం మీద కలం అక్కడక్కడా తెగుతుంది. పాతబడిన రాయికి ఆ తెగిన గీతే నప్పుతుంది.

సిరా సంగతి ముందే తేల్చుకోవాలి. మామూలు ఫౌంటెన్ పెన్ సిరా నీళ్లు తగిలితే కరిగి పాకుతుంది. మసి, లక్క కలిపి చేసే ఇండియన్ ఇంక్ ఆరాక కదలదు. కానీ దాన్ని ఫౌంటెన్ పెన్నులో పోస్తే గట్టిపడి పెన్ను పాడవుతుంది. అది ముంచి రాసే పాళీకే తగినది. ఫౌంటెన్ పెన్నే కావాలంటే దానికోసం చేసిన పిగ్మెంట్ సిరా వాడాలి. ఏ సిరా అయినా వాడబోయే కాగితం మీద నాలుగు గీతలు గీసి, ఆరనిచ్చి, తడి కుంచెతో రుద్ది చూస్తే సంగతి తెలిసిపోతుంది. కరిగే సిరా పనికిరాదనేమీ లేదు. గీత గీసి, నీడ ఉన్న వైపు మాత్రమే తడి కుంచె ఆనిస్తే సిరాయే పలుచని నీడగా మారుతుంది. రంగులు తీసే తీరిక లేని చోట ఈ ఉపాయం పనికొస్తుంది.

రంగులు ఆరుంటే చాలు. ఘాట్లలో ఎక్కువగా కనిపించేది చునార్ గనుల ఇసుకరాయి. అది లేత గోధుమ రంగులో, కొద్దిగా గులాబి డాలుతో ఉంటుంది. ఎల్లో ఓకర్‌లో చిటికెడు బర్న్ట్ సియెన్నా కలిపితే ఆ రంగు దగ్గర దగ్గరగా వస్తుంది. నీడకు నల్లరంగు పెట్టక్కర్లేదు. అల్ట్రామెరీన్ నీలం, బర్న్ట్ సియెన్నా కలిస్తే బూడిదరంగు పుడుతుంది. అల్ట్రామెరీన్ రేణువులు కాగితపు గుంటల్లో చేరి చిన్న చిన్న చుక్కలుగా ఆరతాయి కనుక రాతి గరుకుతనం దానంతటదే వస్తుంది. వీటికి ఒక ఎరుపు, ఒక పసుపు, నది కోసం ఒక ఆకుపచ్చ తోడైతే పెట్టె నిండినట్టే.

అక్కడ గీత, ఇంటికొచ్చాక రంగు అనే పద్ధతి కొత్తది కాదు. అర్థం పర్థం లేని సరదా పద్యాలతో పేరు తెచ్చుకున్న ఇంగ్లిష్ కవి ఎడ్వర్డ్ లియర్ వృత్తిరీత్యా ప్రకృతి దృశ్యాల చిత్రకారుడు. 1873 డిసెంబరులో ఆయన కాశీకి వచ్చాడు. ఎక్కడికి వెళ్లినా చూసిన చోటే పెన్సిలుతో గబగబా గీసి, ఏ గోడ ఏ రంగో, ఎండ ఎటుందో బొమ్మ మీదే మాటల్లో రాసుకునేవాడు. తరువాత తీరిగ్గా పెన్సిలు గీతల మీద సిరా దిద్ది, పలుచగా నీటిరంగులు పూసేవాడు. బొమ్మ మీద రాసుకున్న మాటలు బొమ్మలో భాగంగానే మిగిలిపోయాయి.

అస్సీ: పడవలోంచి చూపు

అస్సీ ఘాట్ దక్షిణపు కొస. తెల్లవారక ముందే పడవలు ఇక్కడ సిద్ధంగా ఉంటాయి. ఊరికి అభిముఖంగా, అంటే పడమటికి తిరిగి కూర్చుంటే సూర్యుడు గీసేవారి వీపు వెనక లేస్తాడు. కంటికి ఎండ కొట్టదు, గోడలన్నీ వెలుగులో ఉంటాయి. ఈ వెలుగు ఎక్కువసేపు నిలవదు. మొదట నారింజ రంగులో ఉండి, కాసేపటికి పసుపు, ఆ తరువాత తెలుపు అవుతుంది. అందుకే చీకటి విడుస్తున్నప్పుడే పెద్ద ఆకారాల్ని కలంతో పెట్టేసుకుని, ఎండ పడగానే ముందు వెలుగు రంగు, తరువాత నీడలు వేస్తారు. నీడల్ని ఒక్కసారి నిర్ణయించుకున్నాక మళ్లీ దిద్దకూడదు. పొద్దెక్కే కొద్దీ నీడలు జరుగుతాయి. అరగంట తరువాతి నీడను అరగంట ముందరి గోడ మీద వేస్తే బొమ్మలో ఇద్దరు సూర్యులు ఉన్నట్టుంటుంది.

పడవలో కూర్చున్న మనిషి కన్ను నీటికి సుమారు ఒక మీటరు ఎత్తున ఉంటుంది. దిగంతరేఖ కూడా ఆ ఎత్తులోనే, అంటే ఎదుటి రేవులో అట్టడుగు మెట్ల దగ్గరే ఉంటుంది. దాని ఫలితాలు రెండు. గోడల పైఅంచులు, మేడల చూరులు దూరం పోయే కొద్దీ కిందికి, నీటి అంచు వైపు వాలతాయి. రెండోది మెట్ల సంగతి. కంటికన్నా పైనున్న మెట్టు మీద కాలు పెట్టే చోటు కనపడదు, మెట్టు నిలువు ముఖమే కనపడుతుంది. కాబట్టి పడవలోంచి చూస్తే మెట్ల వరస అడ్డగీతలు గీసిన గోడలా ఉంటుంది. పొద్దుటి ఎండ సూటిగా ఆ ముఖాల మీదే పడుతుంది కనుక గీతలు కూడా సరిగ్గా కనపడవు. డెబ్భై మెట్లుంటే డెబ్భై గీతలు గీయడం కొత్తవాళ్ల పొరపాటు. అంచుల దగ్గర నాలుగు, మధ్యలో తెగిన గీతలు అయిదారు పెడితే మిగతావి చూసేవారి కన్నే పూరిస్తుంది.

గట్టు మీద నిలబడి నదివైపు కిందికి చూస్తే లెక్క తిరగబడుతుంది. అప్పుడు కాలు పెట్టే చోట్లు కనపడతాయి, నిలువు ముఖాలు దాక్కుంటాయి. దిగంతరేఖ ఎదుటి ఇసుక అవతల, కంటి ఎత్తున ఉంటుంది. మెట్ల రెండు పక్కల అంచులు మాత్రం ఆ రేఖ దగ్గర కాక, దానికి బాగా దిగువన ఒక బిందువు వైపు దగ్గరవుతాయి. ఆ బిందువును దిగంతరేఖ మీదే పెడితే మెట్లు నదిలోకి దిగవు, చదునైన నేలలా పరుచుకుంటాయి.

నీటిలో నీడకు సూత్రాలు తక్కువ. ప్రతిబింబం వస్తువుకు నేరుగా కిందే పడుతుంది, పక్కకు వాలదు. లేత రంగు గోడ నీటిలో కాస్త ముదురుగా, ముదురు రంగు పడవ నీటిలో కాస్త లేతగా కనిపిస్తుంది. నీరు కదిలితే ప్రతిబింబం అడ్డంగా తెగి, చూసేవారి వైపు సాగుతుంది. అందువల్ల గోడల్ని కలంతో గీసినవారు కూడా వాటి ప్రతిబింబానికి కలం వాడరు. తడి కాగితం మీద రంగును నిలువుగా కిందికి లాగి, కొద్దిగా ఆరాక అడ్డంగా రెండు మూడు కుంచె గీతలు వేస్తారు. పడవ పోయిన జాడ దగ్గర తెల్లకాగితం వదిలేస్తారు.

శివాలా నుంచి కేదారం దాకా

అస్సీ నుంచి ఉత్తరానికి వస్తే తులసీదాసు పేరున్న తులసీ ఘాట్ దాటాక శివాలా దగ్గర చేత్‌సింగ్ కోట వస్తుంది. కింద పెద్ద బోడిగోడ, కిటికీలు, మండపాలు పైన ఎక్కడో. 1781 ఆగస్టులో గవర్నర్ జనరల్ వారన్ హేస్టింగ్స్ డబ్బు కోసం కాశీ రాజు చేత్‌సింగ్‌ను నిర్బంధించింది ఇక్కడే. తిరుగుబాటు లేచింది. తలపాగాలు ముడివేసి తాడులా పేని రాజు కిటికీలోంచి నదిలోకి దిగి తప్పించుకున్నాడని చరిత్ర. ఆ సమయంలో హేస్టింగ్స్ వెంట ఒక చిత్రకారుడున్నాడు. కెప్టెన్ కుక్ రెండో సముద్రయాత్రలో పనిచేసిన విలియం హాడ్జెస్. ఆయన ఇండియా దృశ్యాల సంపుటి 1785 నుంచి 1788 మధ్య లండన్‌లో వెలువడింది.

ఈ గోడ దగ్గర గీతకన్నా రంగుకే పని ఎక్కువ. ముందు గోడంతటికీ ఒకే పొర పూసి, అది తడిగా ఉండగానే పైన వెచ్చటి రంగు, నీటి దగ్గర బూడిద పచ్చ వదిలితే రెండూ మధ్యలో కలిసిపోతాయి. వరద నీరు వదిలిన మరక ఇలాగే వస్తుంది. ఆరిన తరువాత కిటికీల చీకటిని, మండపాల అంచుల్ని మాత్రం కలంతో పెట్టాలి. రాళ్ల సందులన్నీ గీస్తే అంత గోడా ఇటుకల గూడులా చిన్నదైపోతుంది.

హనుమాన్ ఘాట్, హరిశ్చంద్ర ఘాట్, కేదార్ ఘాట్, మానసరోవర్ ఘాట్ వరస దక్షిణాదివారి పేట. శ్రీరామ తారక ఆంధ్రాశ్రమం ఉన్నది ఈ మానసరోవరం దగ్గరే. సందుల్లో తెలుగు బోర్డులు కనిపిస్తాయి, మెట్ల మీద తెలుగు వినిపిస్తుంది. కేదారేశ్వరుడి గుడికి తెల్లటి, ఎర్రటి నిలువు చారలు. సున్నం, కావి పట్టెలు వేసిన గుడి ప్రహరీలు చూస్తూ పెరిగినవారికి ఇది ఇంటి దగ్గరి దృశ్యమే. చారల్ని గీసేటప్పుడు ఎర్రచారలకే రంగు వేయాలి, తెల్లవి కాగితమే. దూరంగా జరిగే గోడ మీద చారల వెడల్పు, వాటి మధ్య ఎడం క్రమంగా తగ్గాలి. సమానంగా వేస్తే గోడ వెనక్కు పోకుండా కాగితానికి అతుక్కున్నట్టు కనిపిస్తుంది.

కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటే అనుకునే కాలంలో, 1830 మే నెలలో, మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య పెద్ద పరివారంతో బయలుదేరి కాశీ చూసి 1831 సెప్టెంబరులో ఇల్లు చేరాడు. దారి పొడుగునా రాసుకున్న దినచర్య కాశీయాత్ర చరిత్రగా తెలుగు యాత్రారచనకు ఆదిగ్రంథమైంది. వీరాస్వామయ్య బయలుదేరిన 1830లోనే, కాశీ టంకశాలలో పదేళ్లు పనిచేసిన జేమ్స్ ప్రిన్సెప్ కలకత్తాకు మారాడు. ఆయన గీసిన కాశీ బొమ్మల పుస్తకం మూడు భాగాలుగా రావడం అప్పుడే మొదలైంది. ఒకరు మాటల్లో, ఇంకొకరు గీతల్లో ఒకే కాలపు కాశీని పట్టి పెట్టారు.

దర్భంగా: ఎండలో తెగే గీత

కేదారం దాటి కొంత దూరం నడిస్తే మున్షీ ఘాట్, దర్భంగా ఘాట్. నీటి అంచు నుంచి లేచిన ఇసుకరాతి మేడ, బురుజులు, వరస స్తంభాలు. ఇప్పుడిది హోటలు. కట్టడాన్ని కలంతో గీయడం నేర్చుకునేవారు ఎక్కువసేపు కూర్చోదగ్గ చోటిది. స్తంభానికి రెండు అంచులుంటాయి. ఎండవైపు అంచును గీయకుండా వదిలి, నీడవైపు అంచును మాత్రం గీస్తే స్తంభం గుండ్రంగా కనిపిస్తుంది. రెండు వైపులా సమానంగా గీస్తే కర్రబద్దలా చదునవుతుంది. చూరు కింద గీత లావుగా, గోడ పైఅంచున సన్నగా, వెలుగు బాగా కొట్టే చోట గీత అసలు లేకుండా ఉండాలి. పాళీని నొక్కితే లావు, వదిలితే సన్నం. ముంచి రాసే పాళీకి ఇంకా గిరాకీ ఉన్నది ఈ గుణం వల్లనే. ఒకే మందంతో నడిచే పెన్నుతో గీసేవారు ఈ తేడాను దగ్గర దగ్గర సన్నగీతలతో తెచ్చుకుంటారు.

దశాశ్వమేధం: జనం

దశాశ్వమేధ ఘాట్‌లో కట్టడాలకన్నా మనుషులే ఎక్కువ. తీర్థ పురోహితులైన పండాల చెక్కబల్లలు, వాటిమీద వాలిన వెదురు గొడుగులు, స్నానాలు చేసేవారు, పూలమ్మేవారు, నీటి అంచున ఒకదాన్నొకటి ఒరుసుకునే పడవలు. ఇంగ్లిష్ చిత్రకారులు థామస్ డేనియల్, ఆయన సోదరుడి కొడుకు విలియం ఈ రేవును గీశారు. 1786లో కలకత్తాలో దిగిన వీరిద్దరూ ఉత్తర, దక్షిణ భారతాలు తిరిగి, 1795 నుంచి 1808 వరకు 144 చిత్రాల ఓరియంటల్ సీనరీ ప్రచురించారు. కట్టడాల కొలతల కోసం కెమెరా అబ్స్క్యూరా వాడేవారు. అది కటకం బిగించిన చీకటి పెట్టె. ఎదుటి దృశ్యం లోపలి కాగితం మీద పడితే దాని వెంట పెన్సిలు నడిపేవారు. ఆ గీతలకు నీటిరంగులు చేర్చి, లండన్ వెళ్లాక రాగి రేకుల మీద ఆక్వాటింట్ పద్ధతిలో చెక్కారు. ఆక్వాటింట్ గీతల్నే కాక మెత్తటి నీడల్నీ అచ్చువేయగలదు. నీటిరంగు పొరలా కనిపించే అచ్చు కనుక ఇలాంటి దృశ్యాలకు అది బాగా కుదిరింది.

పెట్టె చేసిపెట్టే పనిని ఇప్పుడు చేయి చాచి పట్టుకున్న పెన్సిలు చేస్తుంది. గొడుగు ఎత్తును పెన్సిలు మీద బొటనవేలితో కొలిచి, వెనక గుడి శిఖరం ఆ కొలతకు ఎన్ని రెట్లో చూసుకుంటే చాలు. జనానికి ఇంకో సూత్రం ఉంది. గీసేవారు నిలబడి ఉన్న చదునులోనే అందరూ నిలబడి ఉంటే, దగ్గరివారి తలా దూరపువారి తలా ఇంచుమించు ఒకే గీత మీద ఉంటాయి. దూరం వల్ల పైకి జరిగేది పాదాలు. మెట్ల మీద ఈ సూత్రం పనిచేయదు. ఒక్కో వరసలోని తలలు ఒక్కో ఎత్తున ఉంటాయి. ఆ తేడాయే ఇక్కడ మెట్లు ఉన్నాయని చెబుతుంది. మనిషికి రెండు కుంచె దెబ్బలు సరిపోతాయి. తలకొక చుక్క, ఒంటికొక పూత. ముందు వరసలో ముగ్గురు నలుగురిని విడిగా గీసి, వెనకవారిని ఒకే పొరగా కలిపేస్తే గుంపు తయారవుతుంది. గొడుగు మాత్రం జాగ్రత్తగా చూడాలి. దాని అంచు వలయమైనా, వాలి ఉంటుంది కనుక పక్కకు తిరిగిన కోడిగుడ్డు ఆకారంలో కనిపిస్తుంది. కింద పడే నీడతో కలిపి వేస్తేనే అది బల్లమీద నిలుస్తుంది.

జనాన్ని పూర్తిగా వదిలేసిన దారీ ఉంది. 1960లో చిత్రకారులు రామ్ కుమార్, ఎం.ఎఫ్. హుస్సేన్ కలిసి కాశీకి వచ్చారు. రామ్ కుమార్ ఆ తరువాత ఏళ్ల తరబడి కాశీనే గీశాడు. అందులో మనుషులు లేరు. ఒకదాని మీద ఒకటి ఒరిగిన ఇళ్లు, కిటికీల నల్లటి చదరాలు, మెట్లు, నీరు. దేశంలో అత్యంత రద్దీ రేవుల ముందు కూర్చుని ఆయన పట్టుకున్నది ఖాళీని.

సాయంత్రం హారతి వేళ దృశ్యం తలకిందులవుతుంది. సూర్యుడు ఊరి వెనకకు దిగిపోయి, మేడలన్నీ నల్లటి బొమ్మకట్టుగా మారతాయి. దీపాలు గీయడానికి తెల్లరంగు అక్కర్లేదు. ఆ చోట్లు ముందే వదిలి, చుట్టూ వెచ్చటి పసుపు, దాని చుట్టూ ముదురు నీలం వేస్తూ పోతే వదిలిన కాగితమే వెలుగుతుంది.

మాన్ మందిర్: ఒక్క గవాక్షం

దశాశ్వమేధానికి పక్కనే మాన్ మందిర్ ఘాట్. అంబర్ రాజు మాన్‌సింగ్ కట్టించిన మేడ మీద, 18వ శతాబ్దంలో సవాయి జయసింగ్ వేధశాల వెలిసింది. ఈ మేడ మూలన గోడలోంచి బయటికి వచ్చిన రాతి గవాక్షం ఒకటుంది. మేడలో చాలా భాగం తరువాతి మరమ్మతుల్లో మారింది. ఈ గవాక్షం మాత్రం పాత పనితనాన్ని చూపిస్తుంది.

దీన్ని గీయడానికి వరస ఉంది. ముందు కుదురు గీత, అంటే మొత్తం గవాక్షం బరువు దిగే నిలువు మధ్యరేఖ. తరువాత కింద దాన్ని మోసే రాతి దూలపు ముక్కలు. ఒక్కో ముక్క ఏనుగు తొండంలా ముందుకు వంగి పైకి లేస్తుంది. వంపు గీసి, కింద ఒక అడ్డగీత పెట్టి, రెండు ముక్కల నడుమ సందును నల్లగా నింపితే రాయి దానంతటదే ముందుకు వస్తుంది. ఆపైన కూర్చునే అరుగు, సన్న స్తంభాలు, చివర చూరు. చెక్కడపు పూలు, లతలు గీయనక్కర్లేదు. నీడ పడిన చోట్ల మాత్రమే నాలుగైదు మెలికలు వేసి, ఎండ పడిన చోట వదిలేయాలి. ఈ చిన్న గవాక్షం మీద గంట గడిపినవారు మేడ మిగతా గోడను పది నిమిషాల్లో ముగించాలి. అంతా సమానంగా గీస్తే కన్ను ఎక్కడా ఆగదు.

మణికర్ణిక, ఒరిగిన గుడి

లలితా ఘాట్, మణికర్ణిక మధ్య నది అంచు ఈమధ్యనే రూపు మార్చుకుంది. 2021 డిసెంబరులో విశ్వనాథుడి గుడి నుంచి గంగ దాకా కొత్త ప్రాంగణం తెరిచారు. అంతకు ముందు గీసిన బొమ్మల్లో అక్కడ ఇరుకు ఇళ్ల గుంపు కనిపిస్తుంది.

మణికర్ణికలో చితులు ఆరవు. ఇక్కడ కెమెరా తీయడం తప్పుగా చూస్తారు. స్కెచ్‌బుక్కుకూ ఆ మర్యాదే. దగ్గర కూర్చుని, ఏడుస్తున్న వారి ఎదుట గీయరు. నది మధ్య నుంచి, ముఖాలు లేకుండా, కట్టడాన్నీ కట్టెల దొంతరలనూ పొగనూ గీస్తారు. కట్టెల దొంతరలు కలానికి మంచి పని, కోసిన కొసల వలయాలు, మధ్యలో చీకటి సందులు. పొగకు కలం ఆనకూడదు. వెనక గుళ్ల రంగు తడిగా ఉండగానే పిండిన కుంచెతోనో స్పాంజితోనో రంగును పైకి తుడిచేస్తే ఆ తుడిచిన జాడే పొగ. గీతలు కూడా పొగ దగ్గరకు వచ్చేసరికి సన్నబడి ఆగిపోవాలి.

మణికర్ణికను ఆనుకునే సింధియా ఘాట్ వైపు రత్నేశ్వర మహాదేవుడి గుడి ఉంది. గట్టు పైన కాక నీటి అంచున దిగువగా కట్టిన గుడి, ఏడాదిలో చాలా నెలలు గర్భగుడి నీటిలోనే. ఈ గుడి సుమారు తొమ్మిది డిగ్రీలు ఒరిగి ఉంది. 1830 ప్రాంతంలో కట్టిన సింధియా ఘాట్ కూడా తన బరువుకు తానే కుంగింది. దాన్ని తరువాత మళ్లీ కట్టారు.

నిటారుగా ఉన్న గుడిని గీయడం కన్నా ఒరిగిన గుడిని గీయడం కష్టం. కన్ను, చేయి కలిసి దాన్ని తెలియకుండానే నిలబెట్టేస్తాయి. పెన్సిలును రెండు వేళ్లతో పైకొసన పట్టుకుని వేలాడదీస్తే తాపీమేస్త్రి తూకపుగుండులా నిలువు చూపిస్తుంది. దానికి శిఖరం ఎంత వాలిందో పోల్చి చూసి ముందు ఆ ఒక్క గీత పెట్టాలి. వెనకున్న గోడలు, పక్క బురుజులు కచ్చితమైన నిలువులో లేకపోతే చూసేవారు గుడి ఒరిగిందనుకోరు, గీసినవారి చేయి ఒరిగిందనుకుంటారు.

పంచగంగ: లేని మినార్లు

పంచగంగ ఘాట్ మెట్లు నిటారుగా ఎక్కి ఒక మసీదు దగ్గర ఆగుతాయి. బిందుమాధవుడి గుడి ఉన్న చోట ఔరంగజేబు కాలంలో కట్టిన మసీదిది. దీని రెండు మినార్లు ఒకప్పుడు ఊళ్లో అన్నింటికన్నా ఎత్తు. నది మీద ఎంత దూరాన ఉన్నవారికైనా కాశీకి అవే గుర్తు. పాత చిత్రాల్లో ఎడమనుంచి కుడికి అడ్డంగా పరుచుకున్న ఊరికి ఈ జంట నిలువులే పట్టు.

ఆ మినార్లను గీసినవారిలో జేమ్స్ ప్రిన్సెప్ ఒకడు, వాటిని మరమ్మతు చేసిందీ అతడే. 1799లో పుట్టి, ఇరవై ఏళ్లకు ఇండియా వచ్చి, 1820 నుంచి పదేళ్లు కాశీ టంకశాలలో లోహాల స్వచ్ఛత తేల్చే అధికారిగా ఉన్నాడు. ఆ పదేళ్లలో ఊరి పటం కొలిచి గీశాడు, మురుగునీరు నదికి పోయేలా సొరంగం తవ్వించాడు, కర్మనాశ నదికి వంతెన కట్టించాడు. 1837లో అశోకుడి బ్రాహ్మీ లిపిని చదివినవాడూ ఇతడే. పటం కొలిచిన చేయి కనుక అతడి బొమ్మల్లో కాశీ మెట్టు మెట్టుగా, కిటికీ కిటికీగా ఉంటుంది. రత్నేశ్వరుడి గుడి కూడా వాటిలో ఉంది. ద్వారం నీట మునిగినప్పుడు పూజారి నీటిలో మునిగి వెళ్లి పూజ చేసేవాడని ప్రిన్సెప్ రాసిపెట్టాడు.

1948లో ఒక మినారు కూలింది. ప్రమాదమని రెండోదాన్ని తరువాత తీసేశారు. ఇప్పుడు నది మీంచి కనిపించేది మసీదు గుమ్మటాలే. పాత చిత్రాలు చూసి వచ్చినవారికి ఇక్కడ ఆకాశం ఖాళీగా తోస్తుంది, రెండు నిలువు గీతలు పెట్టాలనిపిస్తుంది. అక్కడే ఒక హద్దు ఉంది. ఉన్నదాన్ని వదిలేయడం గీసేవారి ఇష్టం. సెల్ టవర్, తీగలు, ప్రకటన బోర్డు వదిలినా ఊరు ఊరుగానే ఉంటుంది. లేనిదాన్ని పెడితే అది చూసి గీసిన బొమ్మ కాకుండా పోతుంది. పాత మినార్లు కావాలంటే పాత చిత్రానికి నకలు తీసి, నకలని రాయడమే సరైన పద్ధతి.

రాజ్‌ఘాట్: వంతెన, రుతువులు

ఉత్తరపు కొసన రాజ్‌ఘాట్ దగ్గర 1887లో తెరిచిన రైలు వంతెన నదిని దాటుతుంది. మొదట డఫరిన్ పేరు, ఇప్పుడు మాలవీయ పేరు. కింద రైళ్లు, పైన రోడ్డు. అడ్డదిడ్డంగా కనిపించే ఇనుప దూలాలకు ఒక క్రమం ఉంది. ముందు స్తంభాల చోట్లు గుర్తుపెట్టుకుని, దగ్గరి దూలాన్ని పూర్తిగా, తరువాతి దాన్ని సగం, ఆ తరువాతి వాటిని పైగీత, కిందిగీత మాత్రం గీస్తే వంతెన దూరంలోకి పోతుంది. చలికాలపు మంచులో ఆఖరి స్తంభాలు కనపడవు. గీత అక్కడే ఆగాలి. వంతెన దాటాక వరణ గంగలో కలిసే చోట ఆదికేశవుడి గుడి. అక్కడితో రేవులు ముగుస్తాయి.

ఇదే దారిని ఏ నెలలో నడిస్తే ఆ నెల బొమ్మ వస్తుంది. డిసెంబరు, జనవరిలో మంచు వల్ల రంగులు గంటసేపైనా ఆరవు. తడి మీద తడి వేసే పనికి అదే అనువు. నది మీద తెల్ల కొంగల్లా వలస గల్ పక్షులు వాలతాయి, వాటికీ తెల్లకాగితమే చాలు. మే నెలలో వడగాలికి రంగు కుంచె ఎత్తేలోగా ఆరిపోతుంది. నీరు తగ్గి, అడుగు మెట్లు, బురద తేలతాయి. జూలై నుంచి సెప్టెంబరు దాకా వరద. నీరు చలికాలం మట్టం కన్నా పది మీటర్లకు పైగా లేస్తుంది. ఇక్కడ ప్రమాద మట్టం సముద్రమట్టానికి 71.26 మీటర్లు. 1978లో నీరు 73.9 మీటర్ల దాకా వచ్చింది. వరదలో పడవలు ఆపేస్తారు, ఒక ఘాట్ నుంచి ఇంకో ఘాట్‌కు మెట్ల మీద నడిచే దారి ఉండదు, హారతి మిద్దెల మీదికి ఎక్కుతుంది. అప్పుడు గీయాల్సిందల్లా నీటిలోంచి తేలిన శిఖరాలు, మండపాల కప్పులు. నదికి ఆకుపచ్చ అక్కర్లేదు, ఓకర్, సియెన్నా చాలు. వరద తీశాక మెట్ల మీద మనిషెత్తు ఒండ్రు మిగులుతుంది. దాన్ని నీటి గొట్టాలతో మళ్లీ నదిలోకి కొడతారు. కార్తీక పున్నమి దేవ దీపావళికి మెట్లన్నీ దీపాలవుతాయి.

అందువల్ల ఈ రేవుల్లో గీసిన ప్రతి బొమ్మ కింద మూడు సంగతులు రాయాలి. తేదీ, వేళ, నీటి పైన కనిపించిన మెట్ల లెక్క. మొదటి రెండూ ఎండ ఎటుందో చెబుతాయి. మూడోది నది ఎంత ఉందో చెబుతుంది. కుంగిన రేవు, కూలిన మినార్లు, కొత్తగా లేచిన ప్రాంగణం ఏనాటి నుంచి ఏనాటి వరకు ఎలా ఉన్నాయో తెలుసుకోవాలంటే తేదీ ఉన్న బొమ్మే సాక్ష్యం. ఈ రాత సిరా ఆరాక, రంగు పెట్టక ముందే పూర్తిచేయాలి. రంగు వేసి మూసిన పుస్తకంలో అది తరచు మరిచిపోతారు.